ఎవరి సైన్సును నమ్ముతారు?

అందరికీ నమస్కారం.

ఈరోజు రెండు కొలతల గురించి మాట్లాడతాను. సైన్సు మీద జనానికి ఎంత నమ్మకం ఉందన్నది మొదటిది. వేరే దేశాల మీద వాళ్లకు ఎలాంటి అభిప్రాయం ఉందన్నది రెండోది. ఈ రెండింటినీ ఎవరో ఒకరు ఏటా కొలుస్తూనే ఉంటారు, పత్రికల్లో శాతాలు వస్తూనే ఉంటాయి. కాకపోతే సైన్సు సర్వేలు చేసేవాళ్లు దేశాల ఊసెత్తరు, దేశాల మీద సర్వేలు చేసేవాళ్లు సైన్సు జోలికి పోరు. మనిషి మనసులో ఈ గోడ లేదు. ఒక కొత్త టీకా గుమ్మం ముందుకొస్తే, అది పనిచేస్తుందా లేదా అని ఆలోచించే లోపే, ఎవరు పంపారు అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నను అడగని సర్వే లక్షమందిని కలిసినా సగం సంగతే చెబుతుందన్నది నా వాదన.

2003లో ఉత్తర నైజీరియాలో ఏం జరిగిందో చూడండి. పోలియో చుక్కల్లో పిల్లలు పుట్టకుండా చేసే మందు కలిపారని ప్రచారం లేచింది. కొన్ని రాష్ట్రాలు చుక్కలు వేయడం ఆపేశాయి. కానో రాష్ట్రంలో ఈ ఆపుదల దాదాపు 11 నెలలు సాగింది. అక్కడి వైరస్ సుమారు 20 దేశాలకు పాకింది. బయటి నుంచి చూసినవాళ్లు దీన్ని అజ్ఞానం కింద జమకట్టేశారు. అది తొందరపాటు. 1996లో అదే కానోలో, మెదడు పొరలకు వచ్చే మెనింజైటిస్ జబ్బు విజృంభించిన రోజుల్లో, ఒక విదేశీ మందుల కంపెనీ 200 మంది పిల్లలతో కొత్త మందు పరీక్ష జరిపింది. తల్లిదండ్రులకు విషయం సరిగా చెప్పలేదన్న ఆరోపణ మీద కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. దానికి తోడు 2003 అంటే ఇరాక్ యుద్ధం మొదలైన ఏడాది. ఇన్ని చూసినవాడికి పాశ్చాత్య దేశాల నుంచి వచ్చే సీసా మీద అనుమానం రావడంలో వింతేముంది?

ఆ చిక్కు విడిపోయిన తీరు ఇంకా ముఖ్యం. 2004లో ఇండోనేషియాలో తయారైన చుక్కలు తెప్పించాక కానో ప్రభుత్వం ఒప్పుకుంది. ఇండోనేషియాలో ముస్లింలు అధికసంఖ్యాకులు, కానోలోనూ అంతే. చుక్కల మందు అదే రకం, అది పనిచేసే తీరూ అదే. మారింది సీసా మీది దేశం పేరు. అంతకుముందు ఎన్ని కరపత్రాలు పంచినా జరగని పని దాంతో జరిగింది.

ఇలాంటిదే ఇంకొకటి. పాకిస్తాన్‌లోని అబ్బోటాబాద్‌లో బిన్ లాడెన్ ఆచూకీ కోసం అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఒక హెపటైటిస్ బి టీకాల కార్యక్రమాన్ని ముసుగుగా వాడుకున్న సంగతి 2011 జులైలో బయటపడింది. తర్వాత పాకిస్తాన్‌లో టీకాలు వేయించుకునే పిల్లల సంఖ్య పడిపోయింది. అమెరికాలోని ప్రజారోగ్య కళాశాలల డీన్లు 2013లో తమ అధ్యక్షుడికే నిరసన లేఖ రాశారు. ఇకపై టీకాల కార్యక్రమాలను గూఢచర్యానికి వాడబోమని 2014లో వైట్‌హౌస్ హామీ ఇచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో హెపటైటిస్ టీకా శాస్త్రీయంగా చేసిన తప్పు ఒక్కటీ లేదు. ఒక ప్రభుత్వం మీద పోయిన నమ్మకం టీకా మీదికి వచ్చి వాలింది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ కూడా ఉంది. 1959లో, ప్రచ్ఛన్నయుద్ధం మంచి వేడి మీద ఉన్నప్పుడు, అమెరికా శాస్త్రవేత్త ఆల్బర్ట్ సేబిన్ తయారుచేసిన పోలియో చుక్కలను సోవియట్ యూనియన్‌లో మిఖాయిల్ చుమకోవ్ బృందం కోటిమందికి పైగా వేసింది. ఫలితాలు బాగున్నాయని చుమకోవ్ చెప్పాడు. అమెరికాలో చాలామంది ఆ లెక్కల్ని నమ్మలేదు, ఎందుకంటే అవి సోవియట్ లెక్కలు. అప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డొరొతీ హార్స్ట్‌మన్‌ను పంపింది. ఆవిడ వెళ్లి, ప్రయోగశాలలు తిరిగి, రికార్డులు చూసి, పని పద్ధతిగానే జరిగిందని నివేదిక ఇచ్చింది. అనుమానం తీరడానికి ఉపన్యాసాలు పనికిరాలేదు. తమవాళ్లలో ఒకరు వెళ్లి కళ్లారా చూసి రావడం పనికొచ్చింది. ఈ మాట గుర్తుంచుకోండి, ప్రశ్నావళి దగ్గర మళ్లీ అక్కరకొస్తుంది.

ఇక కొలత దగ్గరికొద్దాం. 2025 జనవరిలో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 68 దేశాల్లో 71,922 మందిని అడిగారు. 1 నుంచి 5 దాకా ఉన్న స్కేలు మీద శాస్త్రవేత్తల పట్ల నమ్మకం సగటున 3.62. సైన్సు మీద నమ్మకం కుప్పకూలిపోయిందన్న మాటకు ఇది గట్టి జవాబే. దాదాపు అన్ని దేశాల్లో ఇంటర్నెట్ ద్వారా చేసిన సర్వే కాబట్టి ఇంటర్నెట్ లేనివాళ్లు చాలావరకు ఇందులో లేరన్నది మాత్రం మరవకూడదు.

అందరూ ఎత్తి చూపింది 3.62నే. నాకు మాత్రం అసలు సరుకు ఆ అంకె లోపల కనిపిస్తుంది. వాళ్లు నమ్మకాన్ని ఒకే ప్రశ్నతో తేల్చేయలేదు. 12 ప్రశ్నలు వేసి నాలుగు పాళ్లుగా విడదీశారు. శాస్త్రవేత్తలకు పని వచ్చా, నిజాయితీ ఉందా, మన మేలు కోరతారా, ఎదుటివాళ్ల మాట వింటారా. పని వచ్చని 78 శాతం మంది అన్నారు. నిజాయితీపరులని 57 శాతం, జనం మేలు పట్టించుకుంటారని 56 శాతం అన్నారు. ఇతరుల అభిప్రాయం వింటారని అన్నవాళ్లు 42 శాతమే. తెలివి మీద సందేహం లేదు, చెవి మీద ఉంది.

ఇప్పుడు కానోకు తిరిగి వెళ్లండి. చుక్కల్లో రహస్యంగా మందు కలిపారన్న వదంతి నిలబడాలంటే, అవతలి శాస్త్రవేత్తలు మహా సమర్థులని ముందు ఒప్పుకోవాలి. ఎవరికీ కనబడకుండా అంత పని చేయగలవాళ్లు ఆషామాషీ మనుషులా? అంటే పోయింది సమర్థత మీద నమ్మకం కాదు, మన మేలు కోరతారన్న నమ్మకం. మధ్యలో దేశం అడ్డొచ్చినప్పుడు ముందుగా తెగే పోగు ఇదే. మీ ప్రశ్నావళిలో ఒకే ఒక్క "నమ్ముతారా" ఉంటే, తెగిన పోగూ తెగని పోగూ కలిసిపోయి నడిమధ్య అంకె ఒకటి వస్తుంది. దాంతో ఏ పనీ చేయలేం. సమర్థత మీద అనుమానం ఉన్నచోట శిక్షణ, పరీక్షల ఫలితాలు చూపించాలి. ఉద్దేశం మీద అనుమానం ఉన్నచోట వాటిని ఎంత చూపినా వృథా.

సగటు గురించి కూడా ఒక్కమాట. 3.62 అనగానే జనమంతా మూడుకూ నాలుగుకూ మధ్య ఉన్నారనిపిస్తుంది. నూటికి 65 మంది 5 అనీ, 35 మంది 1 అనీ చెప్పినా సగటు 3.6 వస్తుంది. మొదటిది నెమ్మదైన సమాజం, రెండోది నిలువునా చీలిన సమాజం. అందుకే ఏ దేశపు సగటు చూసినా పక్కనే ఒక్కో జవాబుకు ఎంతమంది అన్న పట్టిక అడగండి. ఆ పట్టిక ఇవ్వని నివేదికను పక్కన పెట్టేయవచ్చు.

ప్రశ్నల భాష దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ కొలతలు చెడిపోయేది ఇక్కడే. చాలా ప్రశ్నలు ముందు ఇంగ్లీషులో పుడతాయి. వాటిని తెలుగులోకి తెచ్చేటప్పుడు "మీరు శాస్త్రాన్ని నమ్ముతారా?" అని రాసేస్తారు. దాన్ని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పిస్తే మొదటి ప్రశ్నే అచ్చంగా వస్తుంది. అనువాదం సరిపోయిందని సంతకం పెట్టేస్తారు. కానీ ఆ తెలుగు ప్రశ్న విన్నవాళ్లకు ఏం వినబడింది? వాస్తుశాస్త్రం శాస్త్రమే, జ్యోతిషశాస్త్రం శాస్త్రమే, భౌతికశాస్త్రమూ శాస్త్రమే. "శాస్త్రం ఒప్పుకోదు" అనేవాళ్లలో ఎంతమంది ప్రయోగశాలను తలచుకుంటారు? పోనీ "సైన్సు" అందామా అంటే, చాలామందికి అది బళ్లో చదివిన పాఠం.

"నమ్మకం" అన్న మాట ఇంకా చిక్కు. దేవుడి మీద ఉన్నదీ నమ్మకమే, స్నేహితుడి మీద ఉన్నదీ నమ్మకమే, మూఢనమ్మకమూ నమ్మకమే. "సైన్సును నమ్ముతారా" అంటే ఒకరికి "అది చెప్పేది నిజమంటారా" అని వినబడుతుంది. ఇంకొకరికి "ఆ మనుషుల చేతిలో మీ ఇంటివాళ్లను పెడతారా" అని వినబడుతుంది. మూడోవారికి "దేవుణ్ణి కాదని సైన్సు పక్షాన నిలబడతారా" అని సవాలు విసిరినట్టుంటుంది. ముగ్గురూ "అవును" అన్నా అవి మూడు వేర్వేరు అవునులు. రెండు భాషల మధ్య అటూ ఇటూ తిప్పి చూసే పద్ధతి ఈ తేడాను పట్టుకోలేదు.

పట్టుకోవడానికి ఒక దారి ఉంది. ఇద్దరు విడివిడిగా అనువదించాలి. ఆ ఇద్దరూ, విషయం తెలిసిన మూడోవారూ కూర్చుని తేడాల మీద వాదించుకోవాలి. ఒకరు తుది నిర్ణయం చేయాలి. ఎందుకు ఆ మాట తీసుకున్నామో రాసిపెట్టాలి. తర్వాత పది పదిహేనుమందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి ప్రశ్న చదివి వినిపించాలి. జవాబు వచ్చాక "ఈ ప్రశ్నను మీ మాటల్లో చెప్పండి", "శాస్త్రవేత్తలు అనగానే మీకు ఎవరు గుర్తొచ్చారు" అని అడగాలి. పదిమందిలో ముగ్గురికి డాక్టరూ, ఇద్దరికి రాకెట్లు చేసేవాళ్లూ, ఒకరికి బడి పంతులూ గుర్తొస్తే ఆ ప్రశ్న ఇంకా సిద్ధం కాలేదన్నమాట. జవాబుల మాటల్నీ ఇలాగే పరీక్షించాలి. "పూర్తిగా, చాలావరకు, కొంతవరకు, కొద్దిగా, అసలు లేదు" అని అయిదు చీట్లు రాసి, కలిపేసి, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చమనండి. "కొంతవరకు", "కొద్దిగా" కొందరి చేతిలో తారుమారు కావచ్చు. అలా తారుమారైతే మీ స్కేలులో అయిదు మెట్లు లేవు, నాలుగే ఉన్నాయి.

దేశాల ప్రశ్నల్లోనూ మాట ముఖ్యమే. "ఇతర దేశాలు" అనడానికీ "పరాయి దేశాలు" అనడానికీ తేడా వినగానే తెలుస్తుంది. రెండోది సగం జవాబు ముందే చెప్పేస్తుంది. అంతకన్నా పెద్ద తప్పు, దేశం అంటే ఎవరో చెప్పకపోవడం. ప్రభుత్వమా, ప్రజలా, అక్కడి శాస్త్రవేత్తలా? అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్కల్లో చైనా మీద మంచి అభిప్రాయం లేదన్న ఆస్ట్రేలియన్లు 2019లో 57 శాతం, 2020లో 81 శాతం. ఒక్క ఏడాదిలో 24 పాయింట్లు. చైనా ప్రజల స్వభావం ఏడాదిలో మారిపోదు కదా. కోవిడ్, వాణిజ్య తగాదాలు, రెండు ప్రభుత్వాల మధ్య మాటల యుద్ధం అన్నీ అందులో కలిసి ఉన్నాయి.

యునెస్కో 1948లో తొమ్మిది దేశాల్లో చేయించిన సర్వే ఈ విషయంలో ఇప్పటికీ చదవదగ్గది. పలానా దేశం వాళ్లు కష్టజీవులా, క్రూరులా, ధైర్యవంతులా, గర్విష్ఠులా అని విశేషణాల జాబితా ఇచ్చి ఎంచుకోమన్నారు. యుద్ధంలో మిత్రులుగా ఉన్న 1942లో రష్యన్లను అమెరికన్లు ఎక్కువగా కష్టజీవులన్నారు, ధైర్యవంతులన్నారు. 1948కి వచ్చేసరికి క్రూరులన్న మాట ఒక్కసారిగా పైకి లేచింది. జాతుల మీద ముద్రలు ప్రభుత్వాల స్నేహాన్నీ శత్రుత్వాన్నీ వెంబడించి వస్తాయే గాని, వాటికి కారణాలు కావని ఆ పరిశోధకులు తేల్చారు. దేశాల మీద అభిప్రాయం అడిగిన ప్రతిచోటా తేదీ రాయాలని అందుకే పట్టుబడతాను. నెల కాదు, తేదీలు. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అడిగారు, ఆ మధ్యలో సరిహద్దులో గాని, పత్రికల్లో గాని ఏం జరిగింది.

ప్రశ్నల వరుస చేసే చేటు ఎంతటిదో 1948లోనే అమెరికాలో హైమన్, షీట్స్‌లీ అనే సర్వే పరిశోధకులు చూపించారు. కమ్యూనిస్టు దేశాల విలేకరులను అమెరికాలోకి రానిచ్చి, చూసింది చూసినట్టు రాసుకోనివ్వాలా? ఇదే మొదటి ప్రశ్నైతే 36 శాతం మంది సరేనన్నారు. ముందు అమెరికా విలేకరులను రష్యా రానివ్వాలా అని అడిగి, తర్వాత దీన్ని అడిగితే 73 శాతం సరేనన్నారు. రెట్టింపు. మనవాళ్లను రానివ్వాలని ఇప్పుడే అన్న నోటితో వాళ్లను వద్దనడం ఇబ్బంది. సైన్సు, దేశాలు కలిపి అడిగే ప్రశ్నావళిలో ఇది నేరుగా తగులుతుంది. ముందు ఒక శత్రుదేశం గురించి పది ప్రశ్నలు వేసి, తర్వాత అంతర్జాతీయ పరిశోధనలో కలిసి పనిచేయాలా అంటే వచ్చే జవాబు ఆ పది ప్రశ్నల నీడే. విరుగుడు తేలికే. సగంమందికి సైన్సు ప్రశ్నలు ముందు, సగంమందికి దేశాల ప్రశ్నలు ముందు, లాటరీ పద్ధతిలో. రెండు సగాల జవాబులనూ విడిగా చూపించాలి. కలిపి సగటు తీసి తప్పును దాచకూడదు.

జనం తమకు ఏమీ తెలియని దేశాల మీద కూడా అభిప్రాయం చెబుతారు. 1946లో ప్రచురించిన ఒక పరిశోధనలో మనస్తత్వ శాస్త్రవేత్త యూజీన్ హార్ట్‌లీ విద్యార్థులకు ఇచ్చిన జాతుల జాబితాలో లోకంలో లేని మూడు జాతుల పేర్లు చేర్చాడు. డానిరియన్లు, పైరినియన్లు, వాలోనియన్లు. మిగతా జాతులను దూరం పెట్టినవాళ్లు ఈ లేని జాతులనూ దూరం పెట్టారు. కాబట్టి జాబితాలో ఒక కల్పిత దేశాన్ని పెట్టడం మంచి పరీక్ష. దాని మీద కోపంగా ఉన్నవాళ్లు మిగతా దేశాల మీద చెప్పిన కోపంలో ఎంత ఆ దేశాలది, ఎంత వాళ్ల స్వభావానిది అన్నది అంచనా వేయవచ్చు. "నాకు తెలియదు" అన్న గడి కూడా తప్పనిసరి. 0 నుంచి 100 దాకా ఇష్టం చెప్పమనే స్కేలులో చాలామంది 50 దగ్గర గుంపుగా చేరతారు. అందులో ఇష్టమూ అయిష్టమూ సమానంగా ఉన్నవాళ్లూ ఉంటారు, ఏమీ తెలియనివాళ్లూ ఉంటారు. ఆ గడి లేకపోతే వాళ్లను విడదీయడం అసాధ్యం.

మాటకూ చేతకూ దూరం ఎంతో అమెరికా సమాజశాస్త్రవేత్త లాపియర్ 1934లో చెప్పాడు. ఒక చైనా దంపతులతో కలిసి అమెరికా అంతా తిరిగాడు. 251 హోటళ్లలో, భోజనశాలల్లో ఒకే ఒక్కచోట కాదన్నారు. ఆరునెలల తర్వాత ఉత్తరాలు రాసి చైనావాళ్లను రానిస్తారా అని అడిగితే, జవాబిచ్చినవాళ్లలో 90 శాతానికి పైగా రానివ్వమన్నారు. ఉత్తరానికి జవాబు రాసిన మనిషీ, ఆ రోజు బల్ల దగ్గర నిలబడిన మనిషీ ఒకరే అన్న హామీ లేదు. ఆ లోపం ఉన్నా పాఠం చెల్లుతుంది. కాగితం మీద జాతి పేరు చదవడం వేరు, ఎదురుగా మనిషిని చూడడం వేరు.

శాంపిల్ లెక్క త్వరగా చెప్పేస్తాను. పద్ధతిగా ఎంచిన 1,000 మందిని అడిగితే మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే అసలు సంఖ్య అటూ ఇటూ ఉండగల తేడా, 3 పాయింట్ల పైచిలుకు. అయితే ఎవరూ 1,000 మందిని 1,000 చోట్ల నుంచి తీసుకోరు. 50 చోట్ల ఇరవయ్యేసిమందిని తీసుకుంటారు. ఒకేచోటి మనుషులు కొంత ఒకేలా ఆలోచిస్తారు. ఆ పోలికను 0 నుంచి 1 దాకా కొలిస్తే 0.05 ఉందనుకుంటే, మీ 1,000 మంది నిజానికి 513 మందితో సమానం, ఎర్రర్ 4.3 అవుతుంది. పోయినేడాది 52, ఈ ఏడాది 55 వస్తే అది వార్త కాదు. చోట్లను 100 చేసి ఒక్కోచోట పదిమందినే తీసుకుంటే అదే 1,000 మంది దాదాపు 690 మందితో సమానమవుతారు. డబ్బు పెట్టాల్సింది మనుషుల సంఖ్య మీద కన్నా చోట్ల సంఖ్య మీద.

ఇప్పుడు రెండు కొలతల్నీ ఒకచోటికి తెచ్చే ప్రశ్న. ఒక చిన్న పేరా రాయండి: నదికి వచ్చే వరదను మూడు రోజుల ముందే చెప్పే పద్ధతిని పలానా దేశపు శాస్త్రవేత్తలు రూపొందించారు. మిగతా వాక్యాలన్నీ అక్షరం మారకుండా ఉంచి, దేశం పేరు ఒక్కటే మార్చండి. కొందరికి సొంత దేశం, కొందరికి స్నేహ దేశం, కొందరికి గొడవలున్న దేశం. ఎవరికి ఏది అన్నది లాటరీయే తేల్చాలి. పేరా చదివాక మూడు ప్రశ్నలు విడివిడిగా: వాళ్లకు ఈ పని వచ్చనుకుంటున్నారా, వాళ్లు ఫలితాల్ని దాచకుండా చెబుతారా, మన దేశానికి మేలు జరగాలని కోరుకుంటారా. తర్వాత హార్స్ట్‌మన్ ప్రశ్న: మన దేశం నుంచి ఒకరు వెళ్లి ఆ లెక్కలన్నీ చూసి సరిపోయాయన్నారు, ఇప్పుడేమంటారు? మూడింటిలో ఏ జవాబు కదిలిందో అక్కడ మరమ్మతు సాధ్యం.

ఇందులో తప్పులు జరిగే చోట్లు మూడు. ఒక్కో గుంపులో 400 మందే ఉంటే, రెండు గుంపుల తేడాకు ఎర్రర్ 7 పాయింట్ల దాకా ఉంటుంది. 3.5కి దింపాలంటే గుంపుకు 1,600 మంది కావాలి. డబ్బు లేకపోతే దేశాలు తగ్గించండి, మనుషుల్ని కాదు. దేశం పేరు చెప్పని గుంపు ఒకటి పెట్టి దాన్ని తటస్థం అనుకోవడం రెండో తప్పు. పేరు చెప్పకపోతే జనం తామే ఒక దేశాన్ని ఊహించుకుంటారు. ఏ దేశమనుకున్నారని చివర్లో అడగాలి. పేరాలో ఏ దేశం ఉందో గుర్తులేనివాళ్లను లెక్కలోంచి తీసేయడం మూడోది. కోపం తెప్పించే దేశం పేరు బాగా గుర్తుంటుంది, మామూలు పేరు మరుపున పడుతుంది. వాళ్లను తీసేస్తే లాటరీ చేసిన మేలంతా పోతుంది.

పెద్ద ప్రశ్నావళిలో మీకు ఒకే ప్రశ్నకు చోటిస్తే ఏది అడగాలి? నేనైతే ఇది అడగమంటాను: "మీ ఇంట్లోవాళ్లకు ఇప్పటిదాకా ఎవరూ వాడని కొత్త మందు వాడమన్నారు. వాడాలా వద్దా తేల్చుకోవడానికి అన్నిటికన్నా ముందు ఏ సంగతి తెలుసుకుంటారు?" జవాబుకు గడులు ఇవ్వొద్దు. చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. తర్వాత ఇద్దరు విడివిడిగా కూర్చుని ఆ జవాబుల్ని వర్గాలుగా వేయాలి, తేడా వచ్చిన వాటిని మళ్లీ చదవాలి. ప్రశ్నలడిగే వాళ్లకు ఒక హెచ్చరిక ముందే చెప్పిపెట్టండి. "ఎక్కడి నుంచి వచ్చిందండీ ఆ మందు?" అని చాలామంది ఎదురు ప్రశ్న వేస్తారు. దాన్ని జవాబు రాలేదని కొట్టేయకుండా, ఆ మాటల్నే జవాబు గడిలో రాసుకోమనండి.